చీలని గట్లు

పొద్దున్న ఎనిమిదింటికి సున్నపురాయి క్వారీలో దిగిన అమ్మాయి పదకొండయినా నడుం ఎత్తలేదు. మోకాళ్ళ కింద మడిచిన గోనెసంచి, ఎడమచేతిలో రాయి, కుడిచేతిలో సుత్తి. రాయిని తిప్పి చూసుకోవడం, అంచు వెతుక్కోవడం, ఒక్కటే దెబ్బ. రాయి రెండు బద్దలయ్యేది. లోపల చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్ శిలాజం కనిపిస్తే భూతద్దం కంటికి ఆనించి చూసేది. చూసి, పెదవి విరిచి, కాగితంలో చుట్టి, నంబరు వేసి పక్కన పెట్టేది. మళ్ళీ ఇంకో రాయి.

నత్తల మేస్త్రి పక్కనే కూర్చుని ఆ పొట్లాలకి దారం కడుతున్నాడు. కాలేజీ మ్యూజియంలో రాళ్ళు శుభ్రం చేసే పని ఆయనది. ముప్ఫై ఏళ్ళుగా సూదిమొనతో రాతిలోంచి శిలాజాలను బయటికి తీస్తున్నాడు. ఎప్పుడో అంతరించిపోయిన ఆ ప్రాణుల పెంకులు చూడటానికి నత్తల్లా ఉంటాయి కనక కాలేజీ అంతా ఆయనకా పేరు పెట్టింది. "నత్తలు కావు, ఆక్టోపస్‌కి చుట్టాలు, సముద్రంలో ఈదేవి" అని మొదట్లో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. తర్వాత మానేశాడు.

"ఏం మేస్త్రీ, కూరకి సరిపడా దొరికాయా నత్తలు?" వ్యాను నీడలో కాళ్ళు జాపుకుని కూర్చున్న డ్రైవరు కేకేశాడు.

"నీ పళ్ళు గట్టివైతే రా, వడ్డిస్తాను."

అమ్మాయి నవ్వలేదు. ఆమె ఆ ధ్యాసలోనే లేదు. రాయి పగిలినప్పుడు రాలిన పొట్టును మేస్త్రి చిన్న బ్రష్‌తో కాగితంలోకి ఊడుస్తుంటే మాత్రం ఒకసారి తలతిప్పి చూసింది.

"పొట్టెందుకు మేస్త్రి గారూ?"

"ఎక్కడ విరిగిందో పొట్టుని బట్టే తెలుస్తుందమ్మా. మా గురువుగారైతే ఊడ్చిన చెత్త కూడా జల్లెడ పట్టించేవారు." దారం ముడివేసి, "ఇంతకీ మీరు వెతికేదేంటో చెప్తే నేనూ నాలుగు రాళ్ళు చూస్తాను కదా" అన్నాడు.

ఆమె చేతులు దులుపుకుని ఫోను తీసింది. "మీ మ్యూజియంలోదే. నంబరు మూడువందల పన్నెండు."

తెర మీద పళ్ళెమంత అమ్మోనైట్. మధ్యనుంచి అంచుదాకా చక్రం ఆకుల్లా వరసగా గట్లు. ఆమె బొమ్మను పెద్దది చేసింది.

"ఈ జాతి అమ్మోనైట్లకి ప్రతి గట్టూ అంచుకి వెళ్ళేసరికి రెండుగా చీలుతుంది, మీకు తెలిసిందే. ఇది చూడండి. ఈ భాగంలో తొమ్మిది గట్లు. ఒక్కటీ చీలలేదు. తిన్నగా అంచుదాకా వెళ్ళాయి. ఇలాంటిది ఇంకెక్కడా లేదు మేస్త్రి గారూ. పుస్తకాలన్నీ తిరగేశాను. ఇది కొత్త జాతి."

మేస్త్రి దారం కింద పెట్టి తెర మీదికి వంగాడు.

"ఒక్కదాన్ని పట్టుకుని జాతి అంటే ఒప్పుకోరు. ఇంకొకటి దొరికితే ఎవరూ నోరెత్తలేరు. శుక్రవారం పర్మనెంటు పోస్టుకి నా ఇంటర్వ్యూ. ఆరేళ్ళనించీ టెంపరరీ లెక్చరర్ని. ఈసారి ఏదైనా చూపించగలిగితే..." మాట ఆపి బొమ్మ మీద వేలితో మెల్లిగా రాసింది. "ఎంత అందంగా ఉన్నాయో! కొలిచి గీసినట్టు."

కొలిచి గీసినవే. మేస్త్రికి ముందు కలిగింది సంతోషం. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతిపనిని ఒకరు అందంగా ఉందనడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఒక్క క్షణం నిలిచింది. 

పదకొండేళ్ళ కిందట ఆ రాయిని శుభ్రం చేస్తుంటే ఉలి కింద ఒక భాగం పొట్టుపొట్టుగా విరిగిపోయింది. రెండ్రోజుల్లో తనిఖీవాళ్ళు వస్తున్నారు. నిండుగా కనపడాలన్నారు డిపార్ట్‌మెంటు హెడ్డుగారు. రాతిపొడి జిగురులో కలిపి ఆ ఖాళీని పూడ్చాడు. పక్క గట్ల ఎడం కంపాసుతో కొలుచుకుని తొమ్మిది గట్లు చెక్కాడు. అంచున వాటిని రెండుగా చీల్చడం సన్నపని, దానికి టైము చాలలేదు. తిన్నగా వదిలేసి రంగు అద్దాడు. రాయి వివరాల కార్డు మీద ఏమీ రాయలేదు.

"మేస్త్రి గారూ, నీళ్ళు తాగుతారా? మొహం అదోలా ఉంది."

"ఎండమ్మా" అన్నాడు.

ఆమె తన సీసా ఆయన చేతిలో పెట్టి మళ్ళీ సుత్తి అందుకుంది. దెబ్బ, చూపు, పెదవి విరుపు. లోకంలో ఎక్కడా లేనిదాని కోసం రాళ్ళు పగలగొడుతోంది. మేస్త్రి దారం కడుతూనే ఉన్నాడు. ముళ్ళు బిగుసుకోవడం లేదు.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర పీట వేసుకుని ఆయన ఖాకీ చొక్కా కుడుతోంది. భార్య పోయాక ఆవిడ వెళ్ళిపోతాననీ అనలేదు, ఈయన ఉండమనీ అనలేదు. ఆవిడ పెట్టె ఆ గదిలోనే ఉండిపోయింది, అంతే.

"అత్తయ్యా, ఖాకీ మీద ఎర్రదారమా? కాలేజీలో నవ్వుతారు."

"నవ్వనీ. ఖాకీ దారమేస్తే ఎక్కడ కుట్టానో నాకే కనపడి చావదు. కుట్టినచోటే మళ్ళీ కుడుతూ కూచుంటా. అతుకు అతుకులా కనపడితే నీకేం నామోషీ నాయనా?"

మేస్త్రి కాళ్ళు కడుక్కుని వచ్చి అలమర తెరిచాడు. పై అరలో, భార్య కళ్ళజోడు పక్కన, దగ్గుబిళ్ళల రేకు డబ్బా. కిందికి దించాడు. లోపల గరగరమని చప్పుడైంది.

అత్తగారి సూది ఆగింది.

"ఆ డబ్బా ఎందుకు తీశావు?"

"ఏం లేదు. చూద్దామని."

"పదకొండేళ్ళనించి మూత తియ్యలేదు నువ్వు. అందులో మా అమ్మాయి మిగిల్చిన బిళ్ళలు ఉన్నాయేమో, చూడలేక దాచుకున్నావని నేను ముట్టుకోకుండా పైపైన దుమ్ము తుడుస్తున్నాను."

"రాతిపొట్టు అత్తయ్యా."

"ఏ పొట్టు?"

"రాతి పొట్టు. ఒకసారి ఒక రాయి విరిగితే ఏరి ఇందులో వేశాను."

ఆవిడ సూదిని చొక్కాకి గుచ్చింది. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! రాతిపొట్టుకా నేను ఇన్నేళ్ళూ మెత్తగుడ్డతో సేవ చేసింది!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "డబ్బా మాత్రం దానిదేగా?"

"దానిదే. ఆస్పత్రి మంచం పక్కన ఉండేది."

"అయితే మళ్ళీ అక్కడే పెట్టు."

పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. రాయి విరిగిన రోజు ఆస్పత్రి నుంచి తిన్నగా కాలేజీకి వెళ్ళాడు. ముందు రాత్రి నిద్రలేదు. చెయ్యి వణికింది, ఉలి జారింది, రాయి పోయింది. ఇన్నేళ్ళుగా ఆయన మనసులో ఆ లెక్క అంతే. మూత తీస్తే ఆ రోజంతా బయటికొస్తుందేమోనని తియ్యలేదు.

అన్నం దగ్గర రెండు ముద్దలు తిని లేచాడు. "ఒంట్లో బాగాలేదా?" అంటే బాగానే ఉందన్నాడు. "బాగుంటే తింటారు" అంది అత్తగారు.

*

మంగళవారం క్వారీకి వెళ్ళలేదు. హెడ్డుగారి గది ముందు గంటన్నర నిలబడ్డాడు. లోపలికి పిలిచాక మొత్తం చెప్పాడు. చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

హెడ్డుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చో మేస్త్రీ" అన్నారు.

ముప్ఫై ఏళ్ళలో ఆయన ఎప్పుడూ కూర్చోమనలేదు. మేస్త్రికి ఆ మాటతోనే భయం పుట్టింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళుంది నీ సర్వీసు?"

"నాలుగు నెలలండి."

"నాలుగు నెలలు. పదకొండేళ్ళ కిందటి సంగతి. ఎవరికి గుర్తుంటుంది?"

"చేత్తో చేసింది కదండీ."

"నేనేమన్నానప్పుడు? నిండుగా కనపడాలన్నాను. కార్డు మీద రాయొద్దన్నానా?"

"రాయమని కూడా అనలేదండి."

హెడ్డుగారి మొహం కొంచెం బిగుసుకుంది. అయినా గొంతు పెంచలేదు. "ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఏమవుతుంది? మ్యూజియం సొత్తు పాడుచేసి దాచావని నీ మీద ఎంక్వైరీ వెయ్యాలి. నాకిష్టం లేకపోయినా వెయ్యాలి. పోయేముందు నీకది అవసరమా? ఆ అమ్మాయి సంబరపడుతోంది. కాలేజీకి పేరొస్తుంది. ఇందులో ఎవరికి నష్టం?"

మేస్త్రి కుర్చీ వీపు మీదనుంచి చెయ్యి తీశాడు. 

"వెళ్ళు. ఆ అరల దుమ్ము చూడు, శుక్రవారం ఇంటర్వ్యూ బోర్డువాళ్ళు వస్తారు."

మ్యూజియంలో మూడువందల పన్నెండు ఉన్న అరను మధ్యాహ్నం దాకా తుడిచాడు. గాజు తలుపు వెనక ఆ తొమ్మిది గట్లు నున్నగా మెరుస్తున్నాయి. అతుకు ఎక్కడుందో ఆయనకే రెండుసార్లు వెతికితే గాని కనపడలేదు.

సాయంత్రం వ్యాను వచ్చింది. అమ్మాయి దిగి, సంచి ఎత్తబోయి, చెయ్యి విదిలించుకుంది. డ్రైవరు పరుగున వచ్చి సంచి అందుకున్నాడు. "ఆరు గంటలు కొట్టింది మేస్త్రీ. ఆ రాళ్ళకి నోరుంటే మొత్తుకునేవి" అన్నాడు గొంతు తగ్గించి.

"దొరికిందా?"

"దొరికితే మనకి స్వీట్లు పెట్టేదిగా."

*

బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి అమ్మాయి కేక పెట్టింది.

"మేస్త్రి గారూ! ఇటు రండి! ఇటు!"

అరచేతిలో చిన్న ముక్క. ఐదు గట్లు. ఒక్కటీ చీలలేదు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. మేస్త్రి ముక్కను తీసుకుని వెలుతురుకి వాల్చాడు. అంచు లేదు. నీళ్ళకి అరిగి ఎప్పుడో పోయింది. గట్లు చీలవలసిన చోటే లేదు. నోరు విప్పి చెప్పలేక ఆమె భూతద్దాన్నే ఆమెకి అందించాడు.

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

"అరిగిపోయింది" అంది.

"అవునమ్మా."

దాన్ని కూడా కాగితంలో చుట్టి నంబరు వేసింది. నంబరు వేస్తుంటే కలం కాగితానికి అంటుకుంది. కలం కాదు, చెయ్యి. బొటనవేలి మొదట్లో పొక్కు చిట్లి తడిగా ఉంది. జేబురుమాలు నోటితో పట్టి లాగి చేతికి చుట్టుకుంది. ఎవరికి నష్టం అని మేస్త్రి చెవిలో హెడ్డుగారి గొంతు అడిగింది.

"పై పొరలో ఉండొచ్చంటారా?" అంది లేస్తూ. "మీరు ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వుతాను. పుస్తకాలు ఎన్ని చదివినా ఈ రాళ్ళ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు."

"ఎక్కడా దొరకవమ్మా."

"అదేంటి?"

"ఆ తొమ్మిది గట్లూ రాయివి కావు. నేను చెక్కినవి."

ఆమె ముందు నవ్వింది. డ్రైవరుతో ఆడే పరాచికం లాంటిదే అనుకుంది. మేస్త్రి నవ్వలేదు. ఆమె మొహంలో నవ్వు ఒక్కో వైపునుంచీ దిగిపోవడం ఆయన చూశాడు.

"రాతిపొడా?"

"రాతిపొడీ, జిగురూ. విరిగిపోతే పూడ్చాను. కార్డులో రాయలేదు. తప్పు."

"సోమవారం నేను ఫోనులో చూపించినప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

"నిన్న తెలుసా?"

"తెలుసు."

"నిన్న నేనొక్కదాన్నే వచ్చి ఆరు గంటలు కొట్టాను."

మేస్త్రి తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సుత్తిని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టింది. పొట్లాలు లెక్క చూసుకుంది. వ్యాను దాకా నడిచి ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని తలుపు వేసుకుంది.

 డ్రైవరు ఒకసారి అద్దంలోంచి వెనక్కి చూసి, ఏమనుకున్నాడో, మోగుతున్న రేడియో ఆపేశాడు. కాసేపటికి నీళ్ళసీసా వెనక సీటు మీదికి అందించాడు. మేస్త్రి తాగలేదు గాని, సీసాను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు.

*

గురువారం మామూలుకంటే ముందే వెళ్ళి రాయిని బల్ల మీదికి దించాడు. జిగురు కరిగే మందులో దూది తడిపి అతుకు మీద పరిచాడు. గంటకోసారి మార్చాడు. మెత్తబడ్డాక ఒక్కొక్క గట్టునే సూదితో లేపి రేకుపళ్ళెంలో పెట్టాడు. తొమ్మిదీ వచ్చాక ఆ చోట గుంట మిగిలింది. డబ్బా మూత తీసి పొట్టును తెల్లకాగితం మీద పోశాడు. పెద్దవీ చిన్నవీ కలిపి నలభై ఒక్క ముక్కలు. పదకొండేళ్ళ కిందట వాటివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఊడ్చి ఎత్తి డబ్బాలో వేశాడు, అంతే.

ఆ అమ్మాయి వస్తుందో రాదో తెలీదు. హెడ్డుగారికి చెప్పిందో లేదో తెలీదు. వరండాలో చెప్పుల చప్పుడైన ప్రతిసారీ సూది ఆగిపోతోంది. ప్యూను ఒకసారి తొంగిచూసి, "బోర్డు వచ్చేలోపు ఆ రాయి మళ్ళీ అద్దాల అరలోకి ఎక్కాలంట" అని చెప్పి వెళ్ళాడు.

పన్నెండింటికి ఆమె వచ్చింది. చేతికి కట్టు ఉంది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని రేకుపళ్ళెం వైపు చూసింది.

"ఇవేనా?"

"ఇవే."

ఒకదాన్ని తీసి వేళ్ళ మధ్య తిప్పింది. "పిచ్చిదాన్ని చేశాయి నన్ను" అని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. తర్వాత కాగితం మీది పొట్టు చూసింది. "దీన్ని పారెయ్యలేదా మీరు?"

"పొట్టు పారెయ్యనమ్మా. అది ఒక్కటే చెయ్యలేదు."

ఆమె పటకారు తీసుకుంది. రెండు గంటలు ఇద్దరూ ఆ బల్ల మీద వంగి కూర్చున్నారు. మాటలన్నీ ముక్కల గురించే. "దాన్ని తిప్పండి." "కాదమ్మా, ఆ నల్లచార పక్కన." "ఇది పట్టింది." కట్టున్న చేత్తో ఆమె పట్టుకోలేని ముక్కల్ని మేస్త్రి పట్టుకున్నాడు. ఆయన కళ్ళకి ఆననివి ఆమె చూసి చెప్పింది. ముప్ఫై తొమ్మిది ముక్కలు కూర్చున్నాయి. రెండు ఎక్కడా ఇమడలేదు.

"ఇక్కడేదో తేడాగా ఉందమ్మా" అన్నాడు మేస్త్రి. "ఈ అంచు విరిగిన అంచులా లేదు. నున్నగా ఉంది. మెట్టులా ఉంది."

ఆమె భూతద్దం ఆనించింది.  భూతద్దం ఆయనకిచ్చి, సూదిమొనతో చూపించింది.

"ఇది మీ ఉలి దెబ్బ కాదు మేస్త్రి గారూ. ఇది బతికున్నప్పటి దెబ్బ. చేపో పీతో కొరికింది. పెంకు పగిలింది. పగిలిన చోటునుంచి అది మళ్ళీ కొత్త పెంకు పోసుకుంది. చూడండి, ఇక్కణ్ణించి గట్లు వంకరటింకరగా వచ్చాయి. తర్వాత మెల్లిమెల్లిగా దారిలో పడ్డాయి."

మేస్త్రి చూశాడు. సన్నటి మచ్చ. దాని తర్వాత నాలుగు గట్లు తాగినవాడి నడకలా ఉన్నాయి.

"అందుకే ఇక్కడ విరిగింది" అందామె. "ఎవరు కొట్టినా ఇక్కడే విరిగేది."

"ఆ రోజు ఆస్పత్రినుంచి తిన్నగా వచ్చానమ్మా. చెయ్యి వణికిందనుకున్నాను."

"వణికిందేమో నాకు తెలీదు. రాయి మాత్రం ముందే అక్కడ విరిగి ఉంది."

ఆయన భూతద్దం కిందపెట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. సైకిళ్ళ షెడ్డు మీద ఎండ. ఆమె ఇమడని రెండు ముక్కల్నీ కాగితంలో చుట్టింది. 

"గట్లు చీలాయా?" అన్నాడు చివరికి.

"చీలాయి. వంకరగానే, కానీ చీలాయి." పటకారు బల్ల మీద పెట్టింది. "కొత్త జాతి లేదు."

"మరి రేపు?"

"ఉన్నది చెప్తాను. దెబ్బ తిని మానిన పాతదే అని. వాళ్ళిష్టం." లేచి చీర కుచ్చిళ్ళ మీది పొడి దులుపుకుంది. "నాకింకా కోపం పోలేదు మేస్త్రి గారూ. చెప్తున్నాను."

"పోనక్కర్లేదమ్మా."

దొరకని ముక్కల చోట గోరంత ఖాళీ మిగిలింది. పూడ్చకపోతే అక్కణ్ణించి మళ్ళీ విరుగుతుంది. మేస్త్రి గాజుపలక మీద రాతిపొడి పోశాడు. రంగు కలపబోతూ ఆగాడు. మోచేతి దగ్గర చొక్కా మీద ఎర్రదారం కుట్టు. అటు ఒకసారి చూసుకుని, ఇటుకపొడి చిటికెడు తీసి కలిపాడు. పూడ్చిన చోటు లేత ఎరుపులో, ఎవరు చూసినా తెలిసేలా కనిపించింది.

ఆమె ఈలోపు మూడువందల పన్నెండు కార్డు తీసింది. దొరికిన చోటు, సేకరించినవారు, గుర్తించినవారు. ఇంకో గడి లేదు. కార్డు తిరగేసి వెనకవైపు తారీఖు వేసి రాయడం మొదలుపెట్టింది: తొమ్మిది గట్లు జిగురుతో పూడ్చి చెక్కినవి, తీసివేయడమైనది. దాచిన అసలు ముక్కలతో తిరిగి అతికినవారు. అక్కడ కలం ఆగింది.

"మీ పూర్తి పేరేంటి?"

మేస్త్రికి వెంటనే అర్థం కాలేదు.

"ఇంటిపేరుతో సహా. మేస్త్రి అని రాస్తే రేపు చదివేవాళ్ళకి ఎవరని తెలుస్తుంది?"

"నేను రాస్తాను" అని కలం అందుకున్నాడు. ఇంటిపేరు, తండ్రి పెట్టిన పేరు, పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా. రాసి, సిరా ఆరేదాకా ఊదాడు.

"చెక్కింది ఎవరో కూడా రాయండమ్మా. ఇదే పేరు అని రాయండి" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసి, పై వరసలో రాసింది.

కార్డు పట్టుకుని మేస్త్రి వరండాలోకి వచ్చాడు. ప్యూను ఎదురొచ్చి, "హెడ్డుగారు అడుగుతున్నారు, ఆ రాయి ఎక్కిందా అని" అన్నాడు.

"ఆ పనిమీదే వెళ్తున్నా."

గది తలుపు తెరిచే ఉంది. హెడ్డుగారు కాగితాల్లోంచి తలెత్తారు. మేస్త్రి కార్డును వెనకవైపు పైకి కనిపించేలా ఆయన ముందు పెట్టాడు.  కుర్చీ వీపు పట్టుకున్నాడు. తర్వాత దాన్ని కొంచెం వెనక్కి లాగి, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాడు.